నీరు గీసిన హద్దులు: నల్లగొండ, పాలమూరు శివారు నివాసాల చరిత్ర

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రహదారికి దక్షిణంగా నల్లగొండ, కర్నూలు వెళ్లే రహదారికి పడమరగా మహబూబ్‌నగర్ ఉన్నాయి. రెండూ రాజధానికి సుమారు నూరేసి కిలోమీటర్ల దూరాన ఉన్న జిల్లా కేంద్రాలే అయినా, ప్రధాన రహదారి వీటి నడుమ నుంచి సాగదు. నార్కట్‌పల్లి వద్ద ఒకదానికి, జడ్చర్ల వద్ద మరొకదానికి దారి చీలుతుంది. ఈ రెండు పట్టణాల శివార్లలో నేడు వందలాది కాలనీలు ఉన్నాయి. శివారు అంటే రెవెన్యూ లెక్కల్లో ఒక గ్రామపు భూములు విస్తరించిన మేర. వాడుకలో దానికి ఊరి చివర అన్న అర్థం స్థిరపడింది. కోటలకు, గుళ్లకు, సాయుధ పోరాటానికి ఇచ్చినంత చోటు పట్టణ చరిత్రలు ఈ శివార్లకు ఇవ్వలేదు. అయితే ఒక పట్టణం ఎవరిని లోపల ఉంచుకుంది, ఎవరిని బయట ఉంచింది, ఏ భూమిని వాడుకొని ఏ భూమిని వదిలేసింది అన్న విషయాలు దాని నడిబజారు కంటే దాని అంచునే స్పష్టంగా తెలుస్తాయి. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వానతో, అడుగున నల్లరాతి పొరతో ఉన్న ఈ మెట్ట నేలలో, ఇల్లు ఎక్కడ కట్టాలో ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లపాటు నీరే నిర్ణయించింది. గత యాభై ఏళ్లలో ఆ నిర్ణయం రోడ్డు చేతికి, భూమి ధర చేతికి వెళ్లింది. శివారు చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. దాని మూల్యాన్ని చెరువులు చెల్లించాయి.

నల్లగొండ పట్టణంలో నేడు ఒక భాగంగా ఉన్న పానగల్లు, పట్టణం నడిబొడ్డుకు 4 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పటం మీద అది నల్లగొండ శివారు. చరిత్రలో చూస్తే నల్లగొండే పానగల్లుకు శివారు. నేటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కందూరు పేరుతో ప్రసిద్ధులైన కందూరు చోడులు, కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉంటూ, 11, 12 శతాబ్దాల్లో ఈ మెట్ట ప్రాంతాన్ని ఏలినప్పుడు పానగల్లు వారి ముఖ్య పట్టణాల్లో ఒకటి. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం ఆ కాలపు వైభవానికి నిలిచిన సాక్ష్యాలు. ఆ గుళ్లను చూడవచ్చే యాత్రికులు అంతగా పట్టించుకోని ఉదయసముద్రం అనే చెరువే ఆ ఊరికి అసలు ఆధారం. ఉదయ చోడుని పేరు మీద వెలసిన ఈ చెరువు వాన నీటిని నిలిపి, దిగువన పొలాలను పండించి, ఆ పంట మీద గుడిని, గుడి మీద పేటను నిలబెట్టింది. పేట అంటే కోటకో గుడికో ఆనుకొని వర్తకులు, నేతపనివారు, నూనె తీసేవారు నివసించే సంత వీధి. సప్తసంతానాల్లో, అంటే మనిషి పేరును నిలిపే ఏడు పుణ్యకార్యాల్లో, తటాక నిర్మాణాన్ని చేర్చిన సంస్కృతి వెనుక ఇక్కడి వర్షపాతం లెక్క కూడా ఉందని భావించవచ్చు. చెరువు లేనిచోట ఊరు లేదు. ఊరు పెరగాలంటే ముందు చెరువు పెరగాలి, లేదా దాని ఎగువన మరొక చెరువు రావాలి. ఒక చెరువు నిండి మత్తడి దూకితే, అంటే నిండిన నీరు పొర్లి పారేందుకు కట్టిన రాతి కట్టు మీదుగా పారితే, ఆ నీరు కిందనున్న మరో చెరువుకు చేరే ఏర్పాటును గొలుసుకట్టు అంటారు. ఈ గొలుసులోని ప్రతి చెరువు కింద ఒక ఊరు ఉండేది కాబట్టి, ఊళ్ల మధ్య దూరాన్ని సైతం నీటి వాలే నిర్ణయించింది.

ఈ ప్రాంతపు పాత గ్రామానికి అంచు ఎక్కడుందో తెలియజేసే గుర్తులు రాతితో, దేవతలతో ఏర్పడ్డాయి. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది. ఊరు పుట్టిన చోటుగా దాన్ని పూజిస్తారు. చుట్టూ నివాసానికి కేటాయించిన స్థలం గ్రామకంఠం. దాని మీద పన్ను ఉండదు, పట్టా ఉండదు. ఆ వెలుపల పోచమ్మ, చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ కొలువై ఉంటారు. ఇంకా దూరాన పొలిమేర ఉంటుంది. కట్ట తెగితే ఊరే మునుగుతుంది కాబట్టి కట్టను కాపాడే పని దేవతకు అప్పగించారు. తూము తెరిచి పొలాలకు వంతులవారీగా నీరు వదిలే పని నీరటికి, అంటే నీటి పంపకం చూసే గ్రామ సేవకునికి, అప్పగించారు. ఈ అంచుకు మరొక ముఖం ఉంది, దాన్ని దాచి చరిత్ర చెప్పడం న్యాయం కాదు. మాల మాదిగ వాడలు ఊరికి వెలుపల, తరచు గాలి ఊరి మీది నుంచి వీచే దిక్కున ఉండేవి. ఊరి బావిలో చేద వేసే హక్కు వారికి లేదు. అంచున నివసించడం అన్నది శతాబ్దాల పాటు ఎంపిక కాదు, శిక్ష. ఇరవయ్యో శతాబ్దం చివర మధ్యతరగతి కుటుంబాలు ఊరి బయట స్థలం కొనుక్కోవడాన్ని ఎదుగుదలగా చూడటం మొదలుపెట్టినప్పుడు, అదే అంచుకు విలువ ఎలా తారుమారైందో గమనించడానికి ఈ నేపథ్యం తెలిసి ఉండాలి.

జిల్లా కేంద్రం అనే భావన నిజాం పాలనలో వచ్చింది. మొదటి సాలార్ జంగ్ 1865లో జిలాబందీ అనే పాలనా సంస్కరణ తెచ్చి, రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, శిస్తు వసూలుకు జీతగాళ్లయిన అధికారులను నియమించాడు. దక్షిణ ప్రాంతపు జిల్లాకు మొదట నాగర్‌కర్నూల్ కేంద్రంగా ఉండగా, 1883లో ఆ హోదా పాలమూరుకు మారింది. రుక్మమ్మపేట అనే పేరు కూడా ఉన్న ఈ ఊరికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890 డిసెంబరు 4న మహబూబ్‌నగర్ అనే పేరు పెట్టారు. కచేరీ, ఖజానా, పోలీసు లైన్లు, ఠాణా, జైలు, దవాఖానా పాత ఊరిలో ఇమడలేదు. అవి పాత ఇళ్లకు విడిగా, గాలి వెలుతురు ఉండే ఎత్తు నేలల మీద వెలిశాయి. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ, న్యూటౌన్ వంటి పేర్లు పాత పాలమూరుకు విడిగా పెరిగిన ఆ భాగాల జ్ఞాపకాన్ని మోస్తున్నాయి. నల్లగొండ మాత్రం రెండు గుట్టల మధ్య ఇరుక్కున్న ఊరు. ఒక గుట్ట మీద లతీఫ్ సాహెబ్ దర్గా, కాపురాల గుట్టగా పిలిచే మరొక గుట్ట మీద పాత దుర్గపు శిథిలాలు ఉన్నాయి. పెరగడానికి ఆ పట్టణానికి గుట్టలు వదిలిన సందులే దిక్కయ్యాయి. 1901 జనాభా లెక్కల్లో నల్లగొండ జనాభా 6 వేలు దాటలేదు, మహబూబ్‌నగర్ 8 వేలకు చేరలేదు. ఆ పరిమాణంలో శివారు అనేది నడిచి పది నిమిషాల్లో చేరే చోటు. అక్కడ దిగుడు బావులు, మామిడి తోటలు, శ్మశానాలు, సంత జరిగే మైదానాలు ఉండేవి.

రైలు ఈ రెండు పట్టణాలకు వేర్వేరు కాలాల్లో వచ్చి, వేర్వేరు ఫలితాలను ఇచ్చింది. సికింద్రాబాదు నుంచి గద్వాల వైపు 1910ల్లో సాగిన మీటర్‌గేజ్ మార్గం మహబూబ్‌నగర్‌ను తాకింది. స్టేషన్ చుట్టూ గోదాములు, వేరుశనగ వ్యాపారం, వాటిని నమ్ముకున్న హమాలీల బస్తీలు ఏర్పడ్డాయి. నల్లగొండకు రైలు రావడానికి మరో అరవై ఏళ్లకు పైగా పట్టింది. 1980ల చివరికి పూర్తయిన బీబీనగర్, నడికుడి మార్గం మీద అది ఒక స్టేషన్ అయింది. అప్పటికే ఆ పట్టణం బస్సును నమ్ముకొని, హైదరాబాద్ రోడ్డు, దేవరకొండ రోడ్డు, మిర్యాలగూడ రోడ్డు వెంట చేతులు చాచింది. ఆ రోడ్ల పేర్లే నేటికీ అక్కడి ఇళ్లకు చిరునామాలు.

నిజాం పాలన ముగిసిన 1948 తర్వాతి రెండు దశాబ్దాలు శివారుకు కొత్త మనుషులను తెచ్చాయి. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా కేంద్ర స్థానంలో ఉంది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది. ఊళ్లలోని గడీలను, అంటే దొరల కోటల వంటి ఇళ్లను, విడిచిన కుటుంబాలు కొన్ని హైదరాబాదుకు, కొన్ని జిల్లా కేంద్రానికి చేరాయి. పిల్లల చదువు, కోర్టు వ్యవహారాలు, రక్షణ అందుకు కారణాలు. నక్సలైటు ఉద్యమం బలపడిన 1980, 1990 దశకాల్లో ఇదే వలస మరొకసారి, ఈసారి పటేళ్లు, మోతుబరి రైతులు, కాంట్రాక్టర్లతో జరిగింది. పట్టణపు అంచున ఎకరాలకొద్దీ ఆవరణతో కట్టిన వారి ఇళ్లు తర్వాతి కాలంలో ముక్కలై కాలనీలకు కేంద్రాలయ్యాయి.

వీరికంటే ఎక్కువ సంఖ్యలో వచ్చినవారు జీతగాళ్లు. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు, నీటిపారుదల శాఖ, విద్యుత్తు బోర్డు, కళాశాలలు పెరిగేకొద్దీ గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఇంజినీర్లు జిల్లా కేంద్రాల్లో అద్దె ఇళ్లు వెతుక్కున్నారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నిర్మాణం నల్లగొండ జిల్లాలో మరొక నమూనాను చూపింది. ప్రాజెక్టు సిబ్బంది కోసం పైలాన్ కాలనీ, హిల్ కాలనీ అనే నివాసాలను ముందుగా గీసిన పటం ప్రకారం, రోడ్లు, నల్లాలు, మురుగు కాలువలు, బడి, దవాఖానాతో సహా కట్టారు. కాలనీ అంటే ఇలా ఉండాలి అన్న ఊహ ఈ జిల్లాలో చాలామందికి అక్కడి నుంచే వచ్చింది. రాష్ట్ర స్థాయిలో ఆ ఊహకు సంస్థ రూపం ఇచ్చింది 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు. 1908 మూసీ వరద తర్వాత 1912లో హైదరాబాదులో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ, ఇరుకు బస్తీలను తొలగించి విశాలమైన వీధులతో ఇళ్లు కట్టిన సంస్థ, ఇందులో కలిసిపోయింది. ఇంగ్లండులో ఎబెనెజర్ హోవార్డ్ 1898లో ప్రతిపాదించిన ఉద్యాన నగరం అనే భావన, నగరపు సౌకర్యాన్ని పల్లె గాలితో కలపాలన్న ఆలోచన, బొంబాయి, మద్రాసు, హైదరాబాదుల మీదుగా పలచబడుతూ ఇలా నల్లగొండ, మహబూబ్‌నగర్‌ల హౌసింగ్ బోర్డు కాలనీల వరకు చేరింది. వాటి వెంటే ఎన్జీవోస్ కాలనీలు, అంటే గెజిటెడ్ హోదా లేని ప్రభుత్వోద్యోగులు సహకార సంఘంగా ఏర్పడి స్థలం కొని పంచుకున్న కాలనీలు, టీచర్స్ కాలనీలు వచ్చాయి. ఈ తొలి తరం కాలనీల్లో ఒక మేలు ఉంది: పక్క ఇంటివారి కులం కంటే పక్క ఇంటివారి ఉద్యోగం ముందు తెలిసేది. అది పూర్తి సమానత కాదు, కానీ బొడ్రాయి చుట్టూ కులాల వారీగా పంచుకున్న ఊరితో పోలిస్తే అది పెద్ద మార్పు.

ఇల్లు కూడా మారింది. పాత ఊరిలో స్థితిమంతుల ఇల్లు భవంతి. నడుమ ఆకాశానికి తెరిచిన చదరం, చుట్టూ గదులు, వీధి వైపు అరుగు, డంగు సున్నంతో కట్టిన మందపు గోడలు, పైన గూన పెంకులు ఉండేవి. కాలనీ ఇంట్లో చదరం పోయి, ఇంటి చుట్టూ ప్రహరీ లోపల ఖాళీ స్థలం వచ్చింది. అరుగు పోయి వరండా, తర్వాత గేటు వచ్చాయి. గూన పెంకు పోయి బెంగళూరు పెంకు, రేకు, చివరకు స్లాబు వచ్చాయి. కింద పరిచిన షాబాదు బండ, తాండూరు బండ మాత్రం చాలాకాలం మారలేదు. వీధిలో వెళ్లేవారు పిలవకుండానే కూర్చుని మాట్లాడే చోటు అరుగు. అది తొలగడం వల్ల శివారు నివాసంలో పొరుగు సంబంధాలు సంఘాల ద్వారా, అంటే కాలనీ సంక్షేమ సంఘం, గణపతి ఉత్సవ కమిటీ, గుడి కమిటీల ద్వారా, మళ్లీ కట్టుకోవలసి వచ్చింది.

ఇంతవరకు కాలనీలు తవ్వుడు బావికి, మున్సిపాలిటీ నల్లాకు అందే దూరంలోనే పెరిగాయి. ఆ తాడును తెంచింది బోరు. కఠిన శిలను గాలి ఒత్తిడితో పగులగొట్టి వంద అడుగుల కిందికి గంటల్లో దిగే యంత్రాలు 1970ల్లో విస్తరించాయి. యునిసెఫ్ తోడ్పాటుతో ఆ దశాబ్దం చివర రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు, జనం బోరింగు అని పిలిచేది, ప్రతి వాడకూ చేరింది. తర్వాత విద్యుత్ మోటారు వచ్చింది. చెరువుకు ఎంత దూరమైనా, గుట్ట ఎంత దగ్గరైనా, బండ పగుళ్లలో నీరు దొరికితే అక్కడ ఇల్లు కట్టవచ్చు. దాంతో శివారు చెరువు ఆయకట్టును వదిలి రోడ్డు వెంట పరుగెత్తింది. ఇదే కాలంలో, 1975 నాటి ఇరవై సూత్రాల కార్యక్రమం మొదలుకొని ఇందిరమ్మ పథకం వరకు, పేదలకు ఇళ్ల స్థలాలు ఇచ్చిన ప్రభుత్వాలు పట్టణానికి అన్నిటికంటే దూరంగా, గుట్ట కిందనో బంచరాయి భూమిలోనో, అంటే పశువుల మేతకు వదిలిన ప్రభుత్వ భూమిలోనో, ఆ స్థలాలను చూపాయి. పని పట్టణంలో, ఇల్లు అంచున ఉన్న ఆ కుటుంబాలకు రోడ్డు, నల్లా చివర వచ్చాయి.

బోరు తెచ్చిన స్వేచ్ఛకు నల్లగొండ జిల్లాలో దారుణమైన లోపం ఉంది. ఇక్కడి గ్రానైటు శిలల్లోని ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది; లోతుకు వెళ్లేకొద్దీ, నీరు రాయితో ఎక్కువకాలం కలిసి ఉన్నకొద్దీ అది పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఎన్నో బోర్లు దాన్ని మించాయి. పళ్లు గారపట్టడం, ఎముకలు వంగడం, కీళ్లు బిగుసుకుపోవడం ఒక తరం మొత్తాన్ని పట్టి పీడించాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి ప్రపంచవ్యాప్తంగా నల్లగొండ విధానం అనే పేరు స్థిరపడింది. ఒక జిల్లా పేరు దాని జబ్బుకు మందుగా శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కినా, ఆ జిల్లా ప్రజలకు మంచి నీరు అందలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా అచ్చువేయవలసిన స్థితి తెచ్చి, తమ నీటి గోడును దేశానికి వినిపించారు. ప్రజాస్వామ్యంలో ఇంతటి నిబ్బరమైన నిరసనలు అరుదు. పల్లెను వదిలి నల్లగొండ శివారులో స్థలం కొన్న కుటుంబాలను కదిలించిన కారణాల్లో చదువు, ఉద్యోగాలతో పాటు ఈ నీటి భయాన్ని కూడా లెక్కించాలి.

పట్టణాలకు కృష్ణ నీరు గొట్టాల్లో రావడం ఆ తర్వాతి దశ. సాగర్ వెనుక జలాలను పుట్టంగండి వద్ద ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయంలో నింపి, అక్కడి నుంచి కాలువలో పంపే పథకానికి, నేడు ఎలిమినేటి మాధవరెడ్డి పేరుతో ఉన్నదానికి, ఉదయసముద్రం నిల్వ జలాశయమైంది. కందూరు చోడుల చెరువు ఇలా ఆధునిక నీటి వ్యవస్థలో మళ్లీ నల్లగొండకు ఆధారమైంది. అక్కంపల్లి నుంచే 2004లో హైదరాబాదుకు కృష్ణా తాగునీటి తొలి దశ మొదలైంది. కోదండాపురంలో శుద్ధి అయిన నీరు నల్లగొండ జిల్లా మీదుగా రాజధాని తూర్పు శివారులోని సాహెబ్‌నగర్‌కు చేరింది. వనస్థలిపురం, ఎల్బీనగర్ కాలనీలు ఆ నీటితో విస్తరించగా, ఆ గొట్టాలు సాగిన జిల్లాలోనే ఫ్లోరైడ్ నీరు తాగే గ్రామాలు ఇంకా మిగిలి ఉండటం ఆనాటి ప్రాధాన్యాల మీద కఠినమైన తీర్పు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ తాగునీటి పథకం ఆ లోటును చాలావరకు పూడ్చింది. మహబూబ్‌నగర్‌కు పెద్దవాగు మీది కోయిల్‌సాగర్, జూరాల ఎడమ కాలువ మీది రామన్‌పాడు జలాశయం నీరిచ్చాయి. అయినా ఎత్తు మీది కాలనీలు వేసవిలో రోజుల తరబడి ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టిన కాలం దూరపుది కాదు.

నీరు ఎక్కడికైనా వస్తుందన్న నమ్మకం కుదిరాక భూమి సరుకైంది. రైతు భూమిని ఎకరాలు, గుంటల్లో కొలుస్తాడు. 40 గుంటలు ఒక ఎకరం, ఒక గుంట 121 గజాలు. స్థలాల వ్యాపారి అదే భూమిని గజాల్లో అమ్ముతాడు. ఎకరంలోని 4,840 గజాల్లో రోడ్లకు, చట్టం ప్రకారం వదలవలసిన 10 శాతం ఖాళీ స్థలానికి పోగా, సుమారు 3 వేల గజాలు అమ్మకానికి మిగులుతాయి. వెంచర్ అంటే ఇలా భూమిని ముక్కలు చేసి, ముళ్లపొదలు తీసి, మట్టి రోడ్లు వేసి, హద్దుకు కడీలు, అంటే నిలువు రాళ్లు, పాతి అమ్మే వ్యాపారం. పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం అనుమతి తీసుకున్న వెంచర్లు కొన్నే. గ్రామ పంచాయతీ కాగితం చూపి అమ్మినవి ఎక్కువ. వాటిని క్రమబద్ధం చేయడానికి 2007లో, 2015లో, 2020లో ప్రభుత్వాలు పథకాలు తెచ్చాయి. చివరి పథకానికి రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు రావడం, అనుమతి లేని స్థలమే సాధారణమై అనుమతి ఉన్నది మినహాయింపైందని తెలుపుతుంది. గజాల లెక్కలో కొన్న ఈ స్థలాల్లో చాలావాటిలో ఇళ్లు లేవు. కూతురు పెళ్లికో కొడుకు చదువుకో దాచిన పొదుపుగా అవి కడీల మధ్య తుమ్మచెట్లు మొలిచి పడి ఉంటాయి. పంట పోయి, ఇల్లు రాని ఈ మధ్య స్థితి దశాబ్దాల పాటు సాగడం ఈ శివార్ల ప్రత్యేకత.

ఈ కాలంలోనే పాలమూరు జిల్లా రాష్ట్రానికి మరొక రూపంలో తెలిసింది. పాలమూరు లేబర్ అనే పేరుతో ఇక్కడి కూలీలు, వారిలో వడ్డెరలు, లంబాడాలు, దళితులు అధికం, ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, హైదరాబాదు కాలనీల పునాదులు తవ్వారు. గుంపు మేస్త్రి ముందు బయానా ఇచ్చి కుటుంబాలను తీసుకెళ్లేవాడు. కట్టే ఇంటి పక్కనే గుడిసె వేసుకొని, కట్టడం పూర్తయ్యాక మరో శివారుకు వారు కదిలేవారు. నగరపు అంచును కట్టినవారికి నగరపు అంచున సొంత చోటు లేకపోవడం తెలంగాణ పట్టణ చరిత్రలో మానని గాయం. వారి పల్లెల భూములకు ఈలోగా కొనుగోలుదారులు వచ్చారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలై, అదే ఏడాది 7 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరిధితో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడు, నాటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి, బీబీనగర్, పోచంపల్లి, చౌటుప్పల్, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరు ప్రాంతాలు రాజధాని శివారు లెక్కలోకి వెళ్లాయి. మహారాజా కిషన్ పర్షాద్ కలం పేరు మీద వెలసిన షాద్‌నగర్, 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల విభజనలో మహబూబ్‌నగర్‌ను వదిలి రంగారెడ్డి జిల్లాలో చేరింది. భూదానం పుట్టిన పోచంపల్లి చుట్టూ నేడు భూమి గజాల్లో అమ్ముడవుతోంది.

జిల్లా కేంద్రాల్లో శివారు విస్తరణకు ఇటీవల ప్రభుత్వ సంస్థలే ముందుండి దారి చూపాయి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దారిలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో రాయచూరు దారిలో పాలమూరు విశ్వవిద్యాలయం, 2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండకు వచ్చిన వైద్య కళాశాలలు, 2022 డిసెంబరు 4న మహబూబ్‌నగర్‌లో ప్రారంభమైన సమీకృత కలెక్టరేట్ తమ చుట్టూ హాస్టళ్లను, అద్దె ఇళ్లను, వెంచర్లను లాగాయి. పానగల్లు, ఆర్జాలబావి, చర్లపల్లి, కేశరాజుపల్లి వంటి గ్రామాలు నల్లగొండలో, ఏనుగొండ, బోయపల్లి, అప్పన్నపల్లి, ఎదిర వంటివి మహబూబ్‌నగర్‌లో కలిసిపోయాయి. 2011 నాటికి నల్లగొండ జనాభా 1 లక్షా 30 వేలు, మహబూబ్‌నగర్ జనాభా 1 లక్షా 50 వేలు దాటింది. 2025లో మహబూబ్‌నగర్ నగరపాలక సంస్థ అయింది. కలిసిన ప్రతి గ్రామం తన చెరువును, కుంటను, వాటి శిఖం భూమిని కూడా పట్టణానికి తెచ్చింది. శిఖం అంటే చెరువు నిండినప్పుడు మునిగి, ఎండినప్పుడు బయటపడే భూమి. ఎండిన ఏళ్లలో కొందరు దానిలో పుచ్చకాయలో కూరగాయలో పండించుకోవడం పాత ఆచారం. కరువు ఏళ్లు వరసగా వచ్చినప్పుడు ఆ సాగు హద్దురాళ్లుగా, హద్దురాళ్లు ప్లాట్లుగా మారాయి. చెరువుకు నీరు తెచ్చే వాగు మీద రోడ్డు పడింది, మత్తడి కింద ఇళ్లు లేచాయి. కొన్న కుటుంబానికి అది చెరువని తెలియదు. వాన గట్టిగా కురిసిన ఏడాది మాత్రమే తెలుస్తుంది. కట్ట మైసమ్మ గుడి రెండు ప్రహరీ గోడల మధ్య మిగిలి, సద్దుల బతుకమ్మ నాడు ఆడవారు పూలను నిమజ్జనం చేయడానికి నీరు వెతుక్కుంటూ దూరం వెళ్లే కాలనీలు రెండు పట్టణాల్లోనూ ఉన్నాయి.

2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను లెక్కించింది. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు వంటివి మినీ ట్యాంక్‌బండ్ పేరుతో నడక దారులు, దీపాలు పొందాయి. కట్టను అందంగా చేయడం మంచిదే, కానీ చెరువు బతికేది కట్ట వల్ల కాదు, దానికి నీరు తెచ్చే వాగుల వల్ల. 2012 నాటి నిర్మాణ నియమాలు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకు తక్కువదాని చుట్టూ 9 మీటర్లు ఏ కట్టడమూ లేకుండా వదలాలని చెబుతున్నాయి. చెరువుల ఆక్రమణలను తొలగించడానికి 2024లో ఏర్పడిన హైడ్రా అధికారం హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఆగిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెరువులకు పురపాలక, రెవెన్యూ, నీటిపారుదల శాఖలే కాపలా. నిజాం కాలపు గ్రామ నక్షాల్లో ప్రతి చెరువు, కుంట, వాగు గీసి ఉన్నాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో, అంటే ప్రతి సర్వే నంబరు కింద భూమి రకాన్ని, సాగుదారును నమోదు చేసిన లెక్కలో, శిఖం భూముల విస్తీర్ణం ఉంది. కొత్తగా కలిసిన ప్రతి గ్రామం విషయంలో ఆ నక్షాలను, పహాణీలను వార్డు కార్యాలయం గోడ మీద జనం చూసేలా పెట్టి, నిండు చెరువు హద్దు మీద రాళ్లు పాతిన తర్వాతే కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇవ్వాలి. స్థలం కొనే కుటుంబం కూడా ధర అడగడానికి ముందు ఆ సర్వే నంబరు పాత పహాణీలో ఏ పేరుతో ఉందో అడగాలి.